టెక్ సందేహాలు: ఎస్‌యూవీ కొంటే నెలకు ఎంత పోతుంది?

మాది విజయవాడ పటమట. అమ్మానాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. కారు కోసం ఎక్సెల్ షీట్‌లో ఈఎంఐ, మైలేజీ, సర్వీసు ఖర్చు అన్నీ వేశాను గానీ తరుగుదల దగ్గర ఆగిపోయాను. ఇన్సూరెన్స్‌లో ఉండే ఐడీవీ (బీమా కంపెనీ కారుకి కట్టే విలువ) శాతాలు వేసుకోవచ్చా? చూసినవి రెండూ ఐదు సీట్ల ఎస్‌యూవీలే. టాప్ మోడల్‌కి రీసేల్ బాగుంటుందని షోరూమ్ వాళ్లు అంటున్నారు, నిజమేనా?

ఐడీవీ శాతాలు ఆ షీట్‌లోంచి తీసెయ్యండి. ఆర్నెల్లలోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండో ఏడు 20, మూడో ఏడు 30, నాలుగో ఏడు 40, ఐదో ఏడు 50 తగ్గించాలని ఉండే ఆ పట్టిక, కారు పోయినా పూర్తిగా దెబ్బతిన్నా బీమా కంపెనీ ఎంత ఇవ్వాలో తేల్చడానికి పెట్టింది. ఫార్చ్యూనర్‌కీ అదే లెక్క, ఎవరూ అడగని కారుకీ అదే లెక్క. పైగా అది ఎక్స్‌షోరూమ్ ధర మీద వేస్తారు, మీ జేబులోంచి పోయేది ట్యాక్సు, ఇన్సూరెన్స్ కలిపిన ఆన్‌రోడ్ ధర. పదిహేను లక్షల కారుకి లైఫ్ ట్యాక్సే లక్షన్నర దాటుతుంది, రేపు కొనేవాడు దాన్ని విడిగా లెక్కకట్టి ఇవ్వడు. పది లక్షలు దాటిన కారుకి వసూలు చేసే 1 శాతం టీసీఎస్ (కొనేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపన్ను) మాత్రం ఐటీ రిటర్నులో సర్దుబాటు అవుతుంది, దాన్ని నష్టంలో కలపకండి.

శాతాల బదులు రూపాయలు రాయండి. ఆన్‌రోడ్ ధరలోంచి అమ్మితే వచ్చే ధర తీసేసి, కారు ఉంచుకునే నెలలతో భాగించండి, అంతే ఫార్ములా. ఉదాహరణకి (అంకెలు నేను ఊహించి వేసినవే) ఒక కారు ఆన్‌రోడ్ 18 లక్షలు, నాలుగేళ్లకు 9.5 లక్షలు వచ్చిందనుకుందాం, నెలకు 17,700 పోయినట్టు. ఇంకోటి 16.5 లక్షలే, కానీ నాలుగేళ్లకు 7.5 లక్షలే వస్తే నెలకు 18,750. చవగ్గా వచ్చిందనుకున్నదే ఎక్కువ తినేసింది. నెలకు 800 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 12 వస్తే, పెట్రోలు 110 లెక్కన అయ్యేది ఏడు వేల చిల్లర, తరుగుదల దానికి రెట్టింపు పైనే. మైలేజీలో ఒక కిలోమీటరు తేడా కోసం మనం ఎంత వాదించుకుంటామో తెలుసుగా!

అమ్మే ధర ఎలా తెలుస్తుందంటే, సెకండ్ హ్యాండ్ కార్ల యాప్‌లో కొనేవాడిలా కాకుండా అమ్మేవాడిలా వెళ్లండి. అదే మోడల్, అదే వేరియంట్, నాలుగేళ్ల పాతది అని వివరాలిస్తే కొన్ని యాప్‌లు ఒక అంచనా చూపిస్తాయి. ప్రకటనల్లో కనిపించేది ఓనర్ ఆశ, ఈ అంచనా కాస్త నేల మీద ఉంటుంది. ఇది కూడా తాజాగానే చూడండి, ఎందుకంటే 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 45-50 శాతం దాకా ఉన్న పన్ను 40 అయింది, నాలుగు మీటర్లలోపు చిన్న ఇంజిన్ కార్లకు 18కి దిగింది. కొత్తదాని ధర తగ్గితే పాతదాన్ని పాత రేటుకి ఎవరూ కొనరు, కాబట్టి అంతకుముందు రేట్లు పనికిరావు.

టాప్ మోడల్ సంగతి: షోరూమ్ వాళ్ల మాట నేను నమ్మను. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు అడిగేవి ఏ ఇయర్, ఎన్ని కిలోమీటర్లు, సింగిల్ ఓనరా, షోరూమ్ ట్రాక్ (కంపెనీ సర్వీసు రికార్డు) ఉందా అని. సన్‌రూఫ్‌కీ పెద్ద స్క్రీన్‌కీ మీరు ఇప్పుడు పెట్టే రెండు మూడు లక్షల్లో అప్పుడు వచ్చేది కొసరే. ఆ స్క్రీన్ ఐదేళ్ల నాటి ఫోన్ లాగే ఉంటుంది, ఫోన్‌తో కారుని కలిపే కనెక్టెడ్ ఫీచర్ల ఉచిత గడువు కూడా అప్పటికి అయిపోయి ఉంటుంది. మీరు వాడుకోవడానికైతే తీసుకోండి, రీసేల్ పేరు చెప్పి మాత్రం వద్దు. గేరు మార్చే టెన్షన్ లేని ఆటోమేటిక్‌కి పెట్టే డబ్బు వేరే విషయం, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ నడిపేవాళ్లకి దాని విలువ చెప్పక్కర్లేదు. కంపెనీ సర్వీసు నెట్‌వర్క్ ఎలా ఉందో కూడా చూడండి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పాక వాళ్ల ఎస్‌యూవీ ఎకోస్పోర్ట్‌ని అమ్మబోయినవాళ్లని అడిగితే మిగతాది వాళ్లే చెబుతారు.

ఇంతకీ నాకు అసలు ఇబ్బందిగా అనిపించింది వేరే. మీరు ఆరుగురు, చూసినవి ఐదు సీట్లవి! పిల్లలు చిన్నవాళ్లు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అనుకుంటారు, మూడేళ్లు తిరిగేసరికి ఇరుకైపోయి కారు మార్చాల్సి వస్తుంది. పై 18 లక్షల కారునే మూడేళ్లకు 10.8 లక్షలకు ఇచ్చేస్తే నెలకు 20 వేలు పోయినట్టు, పదేళ్లు వాడి 4 లక్షలకు ఇచ్చినా 11,700 లోపే. ఏ బ్రాండుకి రీసేల్ ఎక్కువ అన్న తేడా దీని ముందు చిన్నది. కాబట్టి ఏడు సీట్లవి చూడండి. టెస్ట్ డ్రైవ్‌కి మీరొక్కరే వెళ్లకుండా ఆరుగురూ ఎక్కండి, అమ్మగారు మోకాళ్లు పట్టుకోకుండా రెండో వరుసలోకి ఎక్కగలుగుతున్నారా, మూడో వరుసలో పిల్లాడి మోకాళ్లు ముందు సీటుకి తగులుతున్నాయా చూసుకోండి. ఈ రెండూ సరిపోయాకే షీట్ తెరవండి.

ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి రీసేల్ ఉండదంటున్నారు, నిజమా? (గుంటూరు బ్రాడీపేట నుంచి)

భయమంతా బ్యాటరీ గురించే. అందుకే బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు అని అడిగి ఆగిపోకండి, రెండో ఓనర్‌కి ఎంత మిగులుతుంది అని అడగండి. కొన్ని కంపెనీల 'లైఫ్‌టైమ్' మొదటి ఓనర్‌కే, చేయి మారితే ఏళ్లకీ కిలోమీటర్లకీ పరిమితి వస్తుంది. ఎనిమిదేళ్లు అట్టేపెట్టుకుని, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే వెళ్లండి. మూడేళ్లకోసారి మార్చే అలవాటుంటే నా సలహా వద్దనే.

కొత్తది వదిలేసి మూడేళ్ల పాతది తీసుకుంటే? (విజయవాడ)

డబ్బు లెక్కలో ఇదే మంచి బేరం, మొదటి పెద్ద తరుగు ఎవరో భరించేశారు కదా. కానీ మన ఊళ్లో ఒక చిక్కుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు బోలెడు కార్లు నీళ్లలో నానాయి, వాటిలో బాగుచేసి అమ్మినవీ ఉంటాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద చార ఉంటే తెలిసిపోతుంది. స్టెప్నీ కింద గుంట, సీటు పట్టాల బోల్టుల తుప్పు కూడా చూడాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి వివరాలు సరిచూసుకోండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అమ్మేవాళ్లనే తెప్పించమనండి, ఆ తర్వాత ఆటోనగర్‌లో మీకు తెలిసిన మెకానిక్ చేత లోపాలు చూపే స్కానర్ పెట్టించండి. వీటిలో దేనికి ఒప్పుకోకపోయినా అడ్వాన్సు ఇవ్వకండి.