పిల్లల ప్రసంగం వ్యాసం అప్పజెప్పినట్టుంటే ఏం చేయాలి?

మేడం, కనిగిరి వైపు హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల చేత ఫ్లోరైడ్ నీళ్ల మీద మూడు నిమిషాల ప్రసంగం చేయిస్తున్నాననీ, ఎంత దిద్దినా వ్యాసం చదివినట్టే ఉంటోందనీ రాశారు. లోపం పిల్లల గొంతులో లేదు, అంశంలో ఉంది. "ఫ్లోరైడ్ సమస్య" అని ఇస్తే వ్యాసమే వస్తుంది. వినేది ఎవరు, విన్నాక ఇంటికెళ్లి ఏం చేయాలి అన్నది ముందు ఒక్క వాక్యంలో రాయించండి. "తాగడానికే కాదు, అన్నం పప్పు వండటానికీ ఫ్లోరైడ్ తీసేసిన ప్లాంటు నీళ్లే వాడండి" లాగా. ఒక పీరియడంతా దీనికే పోయినా పర్లేదు.

తర్వాత వెంటనే కారణాల జోలికి పోవద్దు, ముందు అడ్డుమాటలు, అంటే వినేవాళ్లు చెప్పే అభ్యంతరాలు రాయించండి. ప్రసంగానికి ప్రాణం ఇక్కడే. ఇంట్లో అడిగి రమ్మనండి. "వండేటప్పుడు ఎలాగూ కాగుతాయిగా" అంటారు. కాగితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు పెరుగుతుంది. "అన్ని క్యాన్లు ఎక్కడ కొంటాం" అంటారు. దీనికి వాదన పనికిరాదు, లెక్క కావాలి. ఆ పూట ఎసట్లోకి, పప్పులోకి ఎన్ని గ్లాసులు పోశారో పిల్లలే కొలిచి రాసుకోవాలి.

కారణాలు రెండు చాలు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రమాణం చెప్పొచ్చు, కానీ ఉత్త అంకె చెవిలో నిలవదు. పక్కనే పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగని నడుము చెప్పాలి. క్లాసులో గారపళ్ల పిల్లలుంటే వాళ్లని చూపించి మాత్రం మాట్లాడనివ్వకండి. పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్ల వచ్చిందే గానీ తోముకోక కాదని ముందు మీరే అందరికీ చెప్పండి.

ప్రసంగం ప్రారంభాన్ని ఆఖర్న రాయించండి. "వేదికనలంకరించిన పెద్దలకు" అంటూ పోతే ఉన్న కాస్త సమయం దండాలకే సరిపోతుంది. "పొద్దున మా ఇంట్లో ఎసట్లోకి బోరు నీళ్లే పోశారు" అని నేరుగా మొదలెట్టాలి. ముగింపు, మొట్టమొదట రాసిన ఆ వాక్యమే.

మూడు నిమిషాలకి 250 మాటలు మించితే పరుగు తీస్తారు. మొత్తం బట్టీ పడితే ఒక్క మాట మరిచినా ఆగిపోతారు. అరచేతిలో పట్టే అట్టముక్క మీద ఎసరు, కాగినా పోదు, గ్లాసుల లెక్క, పళ్లు అని రాసుకుంటే చాలు. వాచీ పెట్టి ఒకసారి చెప్పించండి. రెండోసారి సగం క్లాసుని అమ్మానాన్నలుగా కూర్చోబెట్టి అడ్డుమాటలు అడిగించండి. జవాబు తడబడిన చోటే తిరగరాయించాలి.