ఎక్సెల్ గడిలో కనిపించేదీ, పైథాన్‌కు అందేదీ

ప్రశ్న: మాది ధాన్యం మిల్లు. రోజువారీ కొనుగోళ్ళను ఎక్సెల్‌లో రాసుకుని, నెలాఖరున పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఎక్సెల్ ఫైళ్ళను చదివి రాసే ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీతో (సిద్ధంగా దొరికే ప్రోగ్రాముల కూర్పుతో) ఆ ఫైళ్ళన్నింటినీ ఒకచోట చేరుస్తున్నాను. నికర బరువు గడిని చదివితే అంకెకు బదులు ఫార్ములాయే వస్తున్నది. ఫైలు తెరిచేటప్పుడు ఇచ్చే ‘డేటా ఓన్లీ’ అనే ఎంపికను ‘ట్రూ’ చేస్తే చేతితో నింపిన ఫైళ్ళలో అంకె వస్తున్నది గానీ, నేను ప్రోగ్రాముతో తయారుచేసిన ఫైళ్ళలో ‘నన్’ (ఏమీ లేదు) అని వస్తున్నది. లోపం ఎక్కడుంది?
– ఒక గుమాస్తా, మిర్యాలగూడ

జవాబు: మీ ప్రోగ్రాములో లోపం లేదు. లైబ్రరీ కూడా ఎక్సెల్ లాగే లెక్క కడుతుందని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. 2007 నుంచి ఎక్సెల్ వాడుతున్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట, అంటే పలు ఫైళ్ళను కుదించి ఒకటిగా కట్టినది. ఫైలుకు నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పితే, లోపల ఒక్కో షీటుకు ఒక్కో ఎక్స్‌ఎంఎల్ పత్రం (గుర్తుల మధ్య సమాచారం రాసిన టెక్స్ట్ ఫైలు) కనిపిస్తుంది. తూకంలోంచి తరుగు తీసివేయడానికి మీరు ఫార్ములా రాసిన గడికి ఆ పత్రంలో రెండు నమోదులుంటాయి: ఒకటి ఫార్ములా, రెండవది ఎక్సెల్ దానిని చివరిసారి లెక్కించినప్పుడు వచ్చిన ఫలితం. ఓపెన్‌పైఎక్సెల్ మామూలుగా మొదటిదాన్ని ఇస్తుంది, ‘డేటా ఓన్లీ’ అడిగితే రెండవదాన్ని ఇస్తుంది. తాను మాత్రం ఏ ఫార్ములానూ లెక్కించదు. అందువల్ల ప్రోగ్రాము రాసిన ఫైలును ఎక్సెల్ ఒక్కసారైనా తెరిచి భద్రపరచనంత వరకు ఆ రెండవ నమోదు ఖాళీగానే ఉంటుంది, ఆ ఖాళీనే పైథాన్ ‘నన్’ అని చెబుతున్నది.

ఫైలును ఎక్సెల్‌లో గానీ లిబ్రేఆఫీసులో గానీ తెరిచి, భద్రపరిచి, ఆ తరువాత చదవడం ఒక దారి. కానీ ప్రతినెలా చేయవలసిన పనికి అది తగదని నా అభిప్రాయం. తూకమూ తరుగూ ఎలాగూ మీ ప్రోగ్రాము చేతికి వస్తున్నాయి కనుక తీసివేతను పైథాన్‌లోనే చేసి, ఫలితాన్ని అంకెగానే గడిలో రాయండి. ఒక హెచ్చరిక కూడా అవసరం. ‘డేటా ఓన్లీ’తో తెరిచిన ఫైలును అదే పేరుతో భద్రపరిస్తే ఫార్ములాలన్నీ పోయి అంకెలు మాత్రమే మిగులుతాయి. ఒక ఏడాది పద్దుల పుస్తకాన్ని నేను ఇలాగే పాడుచేసుకున్నాను. నకలు ఉండబట్టి బయటపడ్డాను. చదివే ఫైలుకూ రాసే ఫైలుకూ వేరువేరు పేర్లు పెట్టడం అప్పటి నుంచి అలవాటైంది.

ప్రశ్న: మా సంఘం సభ్యుల ఎక్సెల్ జాబితాను పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో చదివితే బ్యాంకు ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోతున్నాయి, ఇంటి నంబర్లు తేదీలుగా మారుతున్నాయి. ఆధార్ నంబర్లకు మాత్రం ఏమీ కావడం లేదు. ఎందుకు?
– ఒక స్వయం సహాయక సంఘం కార్యదర్శి, ఏలూరు

జవాబు: ఈ మూడింటికీ కారణాలు వేరు. ఆధార్ సంఖ్యలో 12 అంకెలుంటాయి, అది సున్నాతో మొదలు కాదు, అందుకే దానికి నష్టం లేదు. ఎక్సెల్‌లో ఒక్కోసారి అది ‘ఇ’ అక్షరంతో, 11 ఘాతంతో కుదించినట్లు కనిపించినా, అది పైకి కనిపించే రూపమే తప్ప లోపలి సంఖ్యలో మార్పుండదు.

ఖాతా నంబరు సంగతి అలా కాదు. గడిని సంఖ్యగా నింపితే ముందు సున్నాలకు విలువ లేదు కనుక ఎక్సెల్ వాటిని నిల్వ చేయనే చేయదు. తెరపై సున్నాలు కనిపిస్తున్నా, అవి గడికి పెట్టిన ఫార్మాట్ వల్ల వచ్చినవి కావచ్చు. గడిని టెక్స్ట్‌గా నింపి ఉంటే సున్నాలు ఫైలులో ఉంటాయి గానీ, పాండాస్ అంకెల్లా ఉన్నవాటిని సంఖ్యలుగా మార్చి ఆ సున్నాలను రాల్చేస్తుంది. అప్పుడు ఫైలును చదివే ‘రీడ్ ఎక్సెల్’ ఆదేశానికి ‘డీటైప్’గా (విలువల రకంగా) ‘స్ట్ర్’, అంటే టెక్స్ట్, అని చెబితే చాలు. సంఖ్యగా నింపిన గడికి ఈ మందు పనిచేయదు. నంబరు మొత్తం పొడవు ఎంతో తెలిస్తే ‘జెడ్‌ఫిల్’ అనే పైథాన్ ఆదేశంతో ముందు సున్నాలను చేర్చవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలకే కచ్చితత్వం ఉంటుంది. 16 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా కొడితే చివరి అంకె ఆ క్షణంలోనే సున్నా అయిపోతుంది, దానిని ఏ లైబ్రరీ తిరిగి తేలేదు. పాసు పుస్తకాలు తెప్పించి మళ్ళీ నింపవలసిందే.

ఇంటి నంబరు 3-5-12 అని కొట్టగానే ఎక్సెల్ దానిని తేదీ అనుకుంటుంది. మన పట్టణాల ఇంటి నంబర్లకు ఇది రోజూ ఎదురయ్యే బెడద. తేదీ అంటే ఎక్సెల్‌కు 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కించిన రోజుల సంఖ్య మాత్రమే. ఉదాహరణకు 45292 అంటే 2024 జనవరి 1. కనుక మీరు కొట్టిన గీతలు గడిలో మిగలవు, పాండాస్‌కు తేదీయే అందుతుంది. ఈ అలవాటుతో విసిగి జన్యువుల పేర్లను నిర్ణయించే అంతర్జాతీయ సంఘం 2020లో కొన్ని పేర్లనే మార్చుకున్నది. ‘మార్చ్1’ అనే జన్యువు ‘మార్చ్‌ఎఫ్1’ అయింది. మనం ఇంటి నంబర్లను మార్చుకోలేము గనుక, నింపడానికి ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చడం మేలైన మార్గం.

ప్రశ్న: పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్ళను కూడా ఓపెన్‌పైఎక్సెల్ చదువుతుందా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చదవదు. వాటికి ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ అనే వేరే లైబ్రరీ ఉంది. అది 2020 డిసెంబరు నుంచి పాత రకాన్ని మాత్రమే చదువుతున్నది. పాత రకంలో షీటుకు 65,536 అడ్డువరుసలే పడతాయి, కొత్తదానిలో 10,48,576 పడతాయి. 2020లో ఇంగ్లండులో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకెక్కకపోవడానికి ఆ పాత పరిమితే కారణం.

ప్రశ్న: తెలుగు పేర్లున్న పట్టికను సీఎస్‌వీగా (విలువలను కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుగా) రాసి ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి.
– ఒక గ్రంథపాలకురాలు, తెనాలి

జవాబు: రాసేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను ఫైలులో నమోదు చేసే పద్ధతిని) ‘యూటీఎఫ్-8-సిగ్’ అని ఇవ్వండి. దానివల్ల ఫైలు మొదట్లో చేరే చిన్న గుర్తును చూసి ఎక్సెల్ అక్షరాలను సరిగా గుర్తిస్తుంది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా రాస్తే ఈ బాధ ఉండదు. అయితే పాత జాబితాలను యూనికోడ్ కాని అను అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటే ఏ ఎన్‌కోడింగూ పనికిరాదు, ఎందుకంటే ఆ గడుల్లో ఉన్నవి నిజంగానే రోమన్ అక్షరాలూ గుర్తులూ. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తున్నదంతే. అలాంటి ఫైలును ముందు యూనికోడ్‌లోకి (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణంలోకి) మార్చి, ఒత్తులను ఒకసారి కంటితో సరిచూసుకుని, ఆ తరువాతే ప్రోగ్రాముకు ఇవ్వండి.