క్యాసెట్ ఏసీ: సీలింగు మూయకముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మా బట్టల షాపులో ఫాల్స్ సీలింగ్ పని నడుస్తోంది. స్లాబుకూ సీలింగుకూ మధ్య 10 అంగుళాల ఖాళీ వదిలారు. నాలుగు వైపులా గాలి కొట్టే క్యాసెట్ ఏసీ అందులో పడుతుందా? సీలింగ్ పూర్తయ్యాక కోసి పెట్టేస్తామని ఏసీ వాళ్లు అంటున్నారు. (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: చాలా మోడళ్లకు పడదు. 10 అంగుళాలంటే 254 మిల్లీమీటర్లు. రెండడుగుల టైలు చోట కూర్చునే చిన్న క్యాసెట్ బాడీయే సుమారు 245 నుంచి 260 మి.మీ. ఎత్తుంటుంది. 84 సెం.మీ. చదరంగా ఉండే పెద్దవాటిలో కొన్ని ఇంతకంటే పల్చగా ఉంటాయి, కొన్ని 300 మి.మీ. దాకా వస్తాయి. బాడీకి పైన కనీసం 10, 20 మి.మీ. గాలి ఆడాలి, పైపులకూ చోటుండాలి. అందుకే ముందు మోడల్ తేల్చుకుని, దాని డ్రాయింగ్ సీలింగ్ మేస్త్రి చేతికివ్వండి. చిన్న సైజు దానికైతే 12 అంగుళాలు వదిలితే ఇబ్బంది ఉండదు. పైపులు వెళ్లే దారిలో బీము ఉంటే ఆ లోతు కూడా లెక్కలోకి వస్తుంది. స్లాబు నుంచి కొలిచి, బీమును మర్చిపోయే వాళ్లే ఎక్కువ.

ఇక పని వరుస. సీలింగ్ ముందు, ఏసీ తర్వాత అనేది ఏసీ వాళ్లకు సుఖం, మీకు కష్టం. ముందు రాడ్లు, బాడీ, రాగి పైపులు, డ్రెయిన్, వైరింగ్ అయిపోవాలి. నీళ్లు పోసి పరీక్ష చేయాలి. తర్వాత సీలింగ్ మూయాలి. కింద కనిపించే ప్యానెల్ అన్నిటికంటే చివర. ఈలోపు పుట్టీ, జిప్సం దుమ్ము లోపలి ఫ్యానులోకి పోకుండా బాడీకి పాలిథిన్ కవర్ కట్టి ఉంచాలి.

బాడీ, ప్యానెల్ కలిసి 20 నుంచి 35 కిలోల దాకా తూగుతాయి. ఆ బరువు సీలింగ్ ఫ్రేము మీద ఒక్క కిలో కూడా పడకూడదు. డబ్బాతో వచ్చే కాగితపు నమూనా పట్టి నాలుగు గుర్తులు పెట్టి, కాంక్రీటు స్లాబులోకి యాంకర్లు దించి, 10 మి.మీ. థ్రెడ్ రాడ్లతో వేలాడదీయాలి. ఈ సైజు డ్రాప్-ఇన్ యాంకరుకు 12 మి.మీ. బిట్‌తో 40 మి.మీ. లోతు రంధ్రం సరిపోతుంది. రంధ్రంలోని పొడి ఊదేయకపోతే యాంకరు గట్టిగా పట్టదు. డ్రిల్లుకు ఇనుప కడ్డీ తగిలితే దాన్ని కోసే ప్రయత్నం వద్దు, పక్కన వేసి మధ్యలో చానెల్ ముక్కతో సర్దుకోవచ్చు. ప్రతి రాడ్డుకూ బ్రాకెట్ పైనా కిందా వాషరు, నట్టు ఉండాలి. కింద రెండో నట్టు బిగిస్తే ఫ్యాను అదురుకు వదులవదు.

పైపులు బయటికొచ్చే వైపున ఒకటిన్నర అడుగుల తలుపు సీలింగులో పెట్టించండి. లేకపోతే డ్రెయిన్ పంపు చెడిన రోజున సీలింగే పగలగొట్టాలి.

ప్రశ్న: మా ఇంట్లో క్యాసెట్ ఏసీ పెట్టి ఆరు నెలలైంది. అప్పుడప్పుడూ సోఫా మీద నీళ్లు కారుతున్నాయి. మెకానిక్ వచ్చి ట్రే కడిగి వెళ్తాడు, పది రోజులకు మళ్లీ మామూలే. (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: నీళ్లు ఎప్పుడు, ఎక్కడి నుంచి కారుతున్నాయో గమనించి చెబితే సగం పని అయినట్టే, అమ్మా. ట్రే కడగడం అన్నిటికీ మందు కాదు.

ఏసీ ఆపిన రెండు నిమిషాలకు ఒక్కసారిగా కారితే లోపం డ్రెయిన్ పైపుది. లోపలి చిన్న పంపు నీటిని పైకెత్తి పైపులోకి తోస్తుంది. పంపు ఆగగానే, పైపు అత్యంత ఎత్తుకు చేరిన చోటికి ఇవతల ఉన్న నీరంతా వెనక్కి ట్రేలోకి వస్తుంది. ఎక్కాల్సిన ఎత్తును బాడీకి 30 సెం.మీ. లోపే నిటారుగా ఎక్కించి, అక్కడి నుంచి ఏకవాలుగా దించితే వెనక్కొచ్చే నీరు తక్కువ, ట్రే తట్టుకుంటుంది. మీ వాళ్లు దూరం పోనిచ్చి తర్వాత ఎత్తి ఉంటారు. వాలు మీటరుకు ఒక సెంటీమీటరు చాలు. ఆరు మీటర్ల పైపు చివర ఆరు సెంటీమీటర్లు దిగాలన్నమాట. మీటరు, మీటరున్నరకు ఒక క్లాంపు లేకుంటే పైపు మధ్యలో కుంగి, ఆ గుంటలో పాచి పేరుకుంటుంది.

ఏసీ నడుస్తున్నంతసేపూ ఒకే మూల నుంచి కారితే రసమట్టం పెట్టి చూడమనండి. బాడీ సమంగా ఉండాలి. ఏటవాలు తప్పదనుకుంటే అది డ్రెయిన్ వైపుకే ఉండాలి. అటు పక్క ఎత్తయితే పంపుకు నీరందక రెండో పక్క నుంచి పొర్లుతుంది. ట్రే నిండితే ఏసీని ఆపే ఫ్లోట్ స్విచ్ ఉంటుంది గానీ, అదీ పంపు పక్కనే ఉంటుంది కాబట్టి ఇలాంటప్పుడు దానికి సంగతే తెలియదు.

ప్యానెల్ అంచుల్లో చెమట చుక్కలు, సీలింగు మీద నల్లటి చారలు ఉంటే ప్యానెల్ నాలుగు బోల్టులూ సరిగా బిగియక చల్లగాలి సందుల్లోంచి పోతోంది. ఏసీకి దూరంగా మరక పడితే పైపు తొడుగులో లోపం. రెండు రాగి పైపులకూ విడివిడిగా నైట్రైల్ రబ్బరు తొడుగు ఉండాలి, అతుకుల దగ్గర కూడా. సీలింగు లోపల సాగే డ్రెయిన్ పైపుకూ తొడుగు అవసరమే. మీ తీరప్రాంతపు ఉక్కలో వేలెడు చోటు బయటపడి ఉన్నా అక్కడ నీరు చెమరుస్తుంది.

సరిచేశాక, పక్కనున్న మూత తీసి లీటరు, లీటరున్నర నీళ్లు మెల్లగా ట్రేలోకి పోసి, కూలింగ్‌లో నడిపి, బయట పైపు చివర నీళ్లు పడేదాకా చూడండి. ఆ చివరను మురుగు పైపులో కలపనీయకండి, ఆ వాసన తిరిగి మీ హాల్లోకే వస్తుంది.

ప్రశ్న: పై అంతస్తులో 20×16 అడుగుల హాలు. 2 టన్నుల క్యాసెట్ చాలుతుందా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీ ఎండలకు చాలదు. అది 320 చదరపు అడుగులు, పైగా స్లాబు నేరుగా ఎండలో ఉంది. 3 టన్నులు చూడండి. హాలు పొడవు కాబట్టి ఒకటిన్నర టన్నులవి రెండు పెడితే గాలి ఇంకా సమంగా పరుచుకుంటుంది, ఒక్కటే నడుపుకొనే వీలూ ఉంటుంది. ఏది పెట్టినా గోడకు మీటరున్నర దూరం ఉంచండి. డాబా మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింటు వేయించడం ఏసీ కన్నా చవక. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. 3 టన్నులది కొంటే సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అని ముందే ప్లేటు మీద చూసుకోండి.

ప్రశ్న: మెకానిక్ దగ్గర వాక్యూమ్ పంపు లేదు. కొద్దిగా గ్యాసు వదిలితే పైపుల్లో గాలి అదే పోతుందంటున్నాడు. మాది ఆర్32 గ్యాసు. (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఒప్పుకోకండి. ఆర్32 స్వల్పంగానైనా మండే గ్యాసు. పైగా గాలిని తోసినా పైపులోని తేమ పోదు. ఆ తేమ కంప్రెసర్ నూనెతో చేరి ఆమ్లం తయారవుతుంది, కొన్నేళ్లకు కంప్రెసర్ పోతుంది. పంపు అద్దెకైనా తెమ్మనండి. 500 మైక్రాన్ల (పైపులో మిగిలిన ఒత్తిడికి కొలత) దాకా లాగి, పంపు ఆపి పది నిమిషాలు గేజి చూడాలి. ముల్లు పైకి లేస్తే లీకో, తేమో ఉన్నట్టే. అంతకుముందే నైట్రోజన్ నింపి, పైపులను కలిపే ఫ్లేర్ నట్ల మీద సబ్బు నురగ రాసి చూస్తే ఈ తిప్పలు తగ్గుతాయి. సీలింగులో దాగిపోయే పైపుకైతే నైట్రోజన్‌ను ఒక రాత్రి అలాగే ఉంచడం మంచిది.

కంపెనీలో నింపి పంపే గ్యాసు కొంత పొడవు పైపుకే లెక్క, సాధారణంగా 5 నుంచి 7.5 మీటర్లకు. పైపు అంతకు మించితే పావు అంగుళం లిక్విడ్ పైపు (రెండు రాగి పైపుల్లో సన్నది) ఉన్నవాటికి మీటరుకు సుమారు 20 గ్రాములు కలపాలి. మీ మోడల్ అంకె బయటి యూనిట్ ప్లేటు మీదో, మాన్యువల్లోనో ఉంటుంది. ఆ గ్రాములు తూకం వేసి ఎక్కించాలే తప్ప, గేజి చూసి అందాజుగా కాదు.