రిజిస్ట్రేషన్ కంటే ముందు ఈఎంఐ వస్తుంది

ప్రశ్న: నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, జబ్బు చేసినవాళ్లూ గాయపడినవాళ్లూ రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా శిక్షణనిస్తాను. ఆరేళ్ల అనుభవం ఉంది. విదేశంలో ప్రాక్టీసు చేయాలని బ్రిటన్, కెనడా, అమెరికా మూడింటికీ అయ్యే ఫీజులు లెక్కేసుకున్నాను. చేతిలో ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. దాన్ని ఫీజులకు వాడి, టికెట్‌కీ అద్దెకీ పర్సనల్ లోన్ తీసుకుని, వచ్చే నెల ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. అక్కడి జీతంతో ఏడాదిలో అప్పు తీరిపోతుంది. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదు. రాజీనామా ఇంకా ఇవ్వకపోతే ఆగిపోండి. నర్సులు, ఫిజియోథెరపిస్టులు కూడా ఇదే అడుగుతుంటారు, అందరిదీ ఒకటే పొరపాటు. ఫీజులు పైసలతో సహా లెక్కేస్తారు, జీతం లేకుండా గడపాల్సిన నెలల్ని వదిలేస్తారు. మీరు పంపిన పట్టికలో పద్నాలుగు వరసలున్నాయి. మార్కుల జాబితాలు కొరియర్ చేయడానికీ ఒక వరస కేటాయించారు. విమానం దిగిన రోజు నుంచి మొదటి జీతం దాకా ఎలా బతకాలన్న వరస మాత్రం లేదు.

ఆ గడువు మీ చేతిలో ఉండదు. బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టరులో పేరు ఎక్కకుండా ఆక్యుపేషనల్ థెరపిస్టునని చెప్పుకోవడమే నేరం. అమెరికాలో అర్హతల పరిశీలన పూర్తయ్యాకే ఈ వృత్తికి జాతీయ సర్టిఫికేషన్ బోర్డు అయిన ఎన్‌బీసీఓటీ పెట్టే పరీక్ష, అందులో 450 స్కోరు వస్తేనే రాష్ట్రం లైసెన్సు, వీసాకు మళ్లీ వేరే ధ్రువపత్రం. మీ క్లినికల్ గంటల పత్రం మీద సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఈలోగా రెండేళ్లు దాటితే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు కూడా చెల్లదు, మళ్లీ రాయాలి.

పర్సనల్ లోన్‌కి ఇవేవీ పట్టవు, మరుసటి నెలకే ఈఎంఐ మొదలవుతుంది. కట్టలేక క్రెడిట్ కార్డు గీకడం, కార్డు బిల్లు కోసం ఇంకో లోన్ తీసుకోవడం, చివరికి లైసెన్సు వచ్చినా బేరమాడే ఓపిక లేక దొరికిన జీతానికి తలూపడం, ఇవన్నీ నేను చూసినవే. ఇంకా రాని జీతాన్ని చూపించి అప్పు చేయకండి. ఇది ఎన్నిసార్లైనా చెబుతాను.

ముందు అత్యవసర నిధి. వెళ్లే దేశపు అద్దె, తిండి, ప్రయాణ ఖర్చుల లెక్కన తొమ్మిది నెలలకు సరిపడా ఉండాలి, తిరుగు టికెట్ డబ్బు అదనం. వేరే ఖాతాలో పెట్టండి, ఫీజులకు అందులోంచి ఒక్క పైసా తీయకండి. పక్షవాతం వచ్చిన పేషెంటును ఇంటికి పంపే ముందు బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఉందా, గడప దాటగలడా అని మీరే ఒకటికి రెండుసార్లు చూస్తారు కదా. మీ విషయంలో ఆ కడ్డీ ఈ నిధే.

మూడు దేశాలు వద్దు, ఒక్కటి ఎంచుకోండి. మీ డిగ్రీ ఏదో మీరు రాయలేదు. బ్యాచిలర్స్ మాత్రమే అయితే అమెరికా ఫీజు కట్టే ముందు ఆలోచించండి, అక్కడ 2007 నుంచి ఈ వృత్తిలో ప్రవేశానికే మాస్టర్స్ స్థాయి చదువు కావాలి. ఇంగ్లిష్ పరీక్ష, అర్హతల మదింపు, హెచ్‌సీపీసీ దరఖాస్తు వంటివన్నీ ఉద్యోగం చేస్తూనే, ఉన్నచోటు నుంచే పూర్తిచేయొచ్చు. ఫీజులు నెల జీతంలోంచి ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వెళ్లండి. ఏడాది ఆలస్యమైనా పర్వాలేదు. రిజిస్ట్రేషన్, ఆఫర్ లెటర్ రెండూ చేతికొచ్చాకే రాజీనామా.

వృత్తిపరమైన ఇండెమ్నిటీ బీమా, అంటే చికిత్సలో పొరపాటు జరిగితే పరిహారం భరించే బీమా, యజమానే ఇస్తారేమో ఆఫర్ దశలోనే అడగండి. సిప్‌లు, అంటే మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడులు, అవసరమైతే కొన్నాళ్లు ఆపినా నష్టం లేదు.

ముందు పట్టికలో పదిహేనో వరస చేర్చి, దానికి అంకె వేసి నాకు పంపండి. మిగతా లెక్క అప్పుడు కలిసి చూద్దాం.