పిల్లల ప్రాజెక్టులు అమ్మానాన్నలు చేసిపెట్టడం తప్పా?

తప్పేమీ లేదు, చేసిపెట్టండి. ఒక్కటే షరతు, ఆ సబ్జెక్టు మీకు రాకూడదు. అన్నీ వచ్చిన తల్లిదండ్రులు దిగితే పిల్లలకి పక్కన నిలబడి ఫెవికాల్ అందించే పనే మిగుల్తుంది. మా నాన్నకి ఒడియా ఒక్క అక్షరం రాదు. అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అందులోకి వెళ్ళింది, ఆనుకునే ఉన్న పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. పాతపట్నంలో పెళ్ళికి వెళ్తే "ఒడిశా వాళ్ళొచ్చారు" అంటారు, బళ్ళో "తెలుగు పిల్ల" అంటారు. దీని మీద ఎవరైనా వేరే ప్రశ్న అడిగితే రెండు పేజీలు రాస్తాను.

నాన్న టైలర్. ఆరో తరగతిలో సారు ఊరికి సంబంధించిన మోడల్ ఏదైనా చేసి తెమ్మన్నారు. క్లాసులో సగం మంది రాజుగారి కోటే చేస్తారని తెలుసు కాబట్టి నేను చిన్న రైలు అన్నాను. 1900లో రాజావారు నౌపడా నుంచి మా ఊరికి వేయించిన లైను అది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. నాన్న వెంటనే "కొలతలేవి?" అన్నాడు. కొలత లేకుండా ఆయన చేతి రుమాలు కూడా కుట్టడు.

ఆదివారం సాయంత్రం మెడలో టేపుతోనే నన్ను పట్టాల దగ్గరికి తీసుకెళ్ళాడు. బండి వెళ్ళిపోయాక ఒంగి లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలిచాడు. ముప్పై అంగుళాలు. టేపు అరవై, సరిగ్గా సగం. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు. "ఒలే, ఇంత రైలుకీ నడుం ముప్పయ్యేనే!" అన్నాడు. అటుగా వచ్చిన గ్యాంగ్‌మన్ "ఏటి బాబూ, పట్టాలకి పంట్లాం కుడతావా?" అన్నాడు. ఇంకేముంది, ఇద్దరూ బీడీలు వెలిగించి కూర్చున్నారు, చీకటి పడుతోందని నేను ఏడుపు మొదలుపెట్టేదాకా.

పదంగుళాలకి ఒక అంగుళం లెక్కన మూడంగుళాల వెడల్పు పట్టాలు. అట్టతో పెట్టెలు, ఖాళీ దారపు రీళ్ళతో చక్రాలు, కోటు లైనింగు గుడ్డతో కిటికీలకి పరదాలు. ఆ రైలుకి పరదాలెప్పుడూ లేవు. చెప్తే వినలేదు.

పేరు దగ్గర నా పని వచ్చింది. "నువ్వు రాయవే, నాను కత్తిరిస్తాను" అన్నాడు. 'పారళాఖేముండి రేళగాడి' అని ఎర్ర శాటిన్ గుడ్డ మీద సుద్దతో ఒడియాలో రాశాను. రెండు చోట్లా ళ రావాలి. మా ఇంట్లో నీళ్ళు నీలే, కళ్ళు కల్లే. రెండు చోట్లా ల రాసేశాను. నాన్న వాటిని కత్తిరించి, పోగులు లేవకుండా అంచులకి కాజా కుట్టు కూడా వేశాడు.

బడికి రైలు మోసుకొచ్చింది నాన్నే. సారు పేరు చూసి "ఇదెవరు రాశారు?" అన్నారు. నేను నేలకేసి చూశాను. నాన్న "నానే బాబూ. పాప సరిగ్గానే సెప్పింది, నాకే రాదు" అన్నాడు. సారు నవ్వేసి, పరదాలు ముట్టుకుని చూసి, మార్కులు వేసుకుని వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళే దారిలో నాన్న "ఏది తప్పు?" అని మెల్లగా అడిగాడు. ఆ రాత్రే రెండు ళలు కత్తిరించి, కాజా కుట్టు వేసి, పాతవి పీకి అంటించాడు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కింద షాపులో అగ్నిపర్వతం రెడీమేడ్‌గా అమ్ముతున్నారు. మా అబ్బాయి క్లాసులో అన్ని అగ్నిపర్వతాలూ ఒకే రంగు. థర్మకోల్ తప్ప దేశంలో ఇంకో వస్తువు లేనట్టు! పైగా రాత్రి పదకొండుకి వాట్సాప్ గ్రూపులో "రేపే సబ్మిషన్" అని మెసేజ్. టెన్షన్ మనకి, నిద్ర పిల్లలకి.

చిన్న రైలుని 2004లో ఆపేశారు. 2011కి పెద్ద లైను గుణుపురం దాకా వచ్చింది. ఆ ఏడు ఇంటికెళ్ళినప్పుడు నాన్న కొత్త పట్టాలు చూసొచ్చి అమ్మతో అంటున్నాడు, "ఐదున్నర అడుగులంటే! నా టేపు ఆరంగుళాలు సాల్దు."