డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు ఎవరివి?

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. వెంకటగిరి, మంగళగిరి చీరలు తెప్పించి మా ఇంటి కింద చిన్న షాపులోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముతుంటాను. నిరుడు దీపావళికి ముందు ఒక ఫొటోగ్రాఫర్‌తో 40 ఫొటోలు తీయించి, రూ. 18,000 యూపీఐలో పంపాను. మాటలన్నీ వాట్సాప్‌లోనే, కాగితం ఏమీ రాసుకోలేదు. ఈ మధ్య వాటిలో కొన్ని ఒక షాపింగ్ సైట్‌లో పెట్టి, షాపు ముందు ఫ్లెక్సీ కూడా వేయించాను. అతనేమో "నేనిచ్చింది ఇన్‌స్టాగ్రామ్‌కే, కాపీరైట్ నాది, రూ. 60,000 కట్టండి, లేదంటే పోలీసు కేసు పెడతా" అంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు తమిళుల ఆడి మాసం అమ్మకాలకు మళ్లీ ఫొటోలు కావాలి. నుంగంబాక్కంలోని ఒక స్టూడియో మూడు పేజీల అగ్రిమెంటు పంపింది. కాపీరైట్ స్టూడియోదే అనీ, మేం ఏడాదిపాటు సోషల్ మీడియాలో మాత్రమే వాడుకోవాలనీ అందులో ఉంది. మా బంధువుల పెళ్లికి ఫొటోలు తీసిన కుర్రాడు సగం రేటుకే చేస్తానంటున్నాడు, కాగితాలెందుకండీ అంటున్నాడు. ఎవరిని పెట్టుకోమంటారు?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఆ రూ. 60,000 సంగతి తేల్చుకుందాం. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ 40 ఫొటోల కాపీరైట్ మీదే. పైసా కట్టనక్కర్లేదు, ఫ్లెక్సీ దించనక్కర్లేదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసిన మనిషే దానికి కర్త. మామూలుగా కర్తే మొదటి యజమాని. అయితే 17వ సెక్షన్ దీనికి ఒక మినహాయింపు ఇచ్చింది. ఒకరు కోరితే, ప్రతిఫలం పుచ్చుకుని తీసిన ఫొటోకు, వేరేగా ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని. మీరు అడిగారు, అతను తీశాడు, మీరు డబ్బిచ్చారు. ఇన్‌స్టాగ్రామ్‌కు మాత్రమే అన్న షరతు ఉందంటే, ఉందని అతనే చూపించాలి.

అతను కావాలని అబద్ధమాడుతున్నాడని నేననుకోను. ఫొటోగ్రఫీ వృత్తి గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా, బ్రిటన్ నుంచి వచ్చేవే. అక్కడ మామూలుగా హక్కు ఫొటోగ్రాఫర్ దగ్గరే ఉంటుంది. బ్రిటన్‌లో కూడా 1956 చట్టం కింద తీయించుకున్నవారిదే హక్కు. 1988లో వాళ్లు మార్చుకున్నారు, మనం మార్చుకోలేదు. మన ఫొటోగ్రాఫర్లలో చాలామంది అక్కడి నియమాన్నే ఇక్కడిదనుకుంటున్నారు.

ఇక్కడ మీరు చేయాల్సిన పని ఒకటుంది. అతనికి జవాబిచ్చే ముందు వాట్సాప్ సంభాషణ మొత్తం మొదటి నుంచి చదవండి. మీరు డబ్బు పంపకముందే వచ్చిన కొటేషన్‌లో, అడుగున చిన్న అక్షరాల్లోనైనా సరే, "కాపీరైట్ స్టూడియోది" అనో "సోషల్ మీడియాకు మాత్రమే" అనో ఉండి, దానికి మీరు ఓకే అని ఉంటే కథ మారిపోతుంది. వాట్సాప్‌లో ఓకే అనడం కూడా ఒప్పందమే. పని అయిపోయి డబ్బు చెల్లించాక వచ్చిన బిల్లు మీద ఆ వాక్యం ఉంటే మాత్రం దానికి పెద్ద బలం లేదు. ఒప్పందం అప్పటికే కుదిరిపోయింది కదా.

అలాంటిదేమీ లేకపోతే నాలుగు వాక్యాల్లో జవాబు రాయండి. ఫలానా తేదీన మేం కోరగా తీశారు, ఫలానా తేదీన రూ. 18,000 చెల్లించాం, వాడకం మీద షరతు ఏదీ అనుకోలేదు, 17వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ మాది. అంతే. తిట్లు వద్దు, ఫోన్లో వాదనలూ వద్దు. గొడవ వదిలిపోతుందని అయిదో పదో వేలు చేతిలో పెట్టకండి. రేపు అదే మీరు అతని హక్కును ఒప్పుకున్నట్టు చూపిస్తారు. ఆ చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. వాట్సాప్ సంభాషణ కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఒక సర్టిఫికెట్ జత చేయాలి. అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఆ పని తేలిక.

పోలీసు కేసు మాట ఉత్త బెదిరింపేనా అంటే, పూర్తిగా కొట్టిపారేయలేం. కాపీరైట్ ఉల్లంఘన నేరమే, 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నేరం కావాలంటే వేరేవాళ్ల హక్కును తెలిసి ఉల్లంఘించాలి. యజమాని తన ఫొటో తాను వాడుకుంటే అందులో ఉల్లంఘన ఏముంది? స్టేషన్ నుంచి ఫోన్ వస్తే యూపీఐ రసీదు, చాట్ ప్రింటు తీసుకుని వెళ్లండి. పైగా ఆధారం లేకుండా బెదిరించేవారి మీద మీరే కోర్టుకు వెళ్లే దారిని 60వ సెక్షన్ ఇచ్చింది. బెదిరింపులు ఆపమని ఆర్డరు, నష్టం జరిగి ఉంటే పరిహారం అడగవచ్చు. అతను నిజంగానే దావా వేసి నడిపిస్తే ఆ దారి మూసుకుపోతుంది, అప్పుడు అతని దావాలోనే మీ వాదన చెప్పుకోవాలి.

కాపీరైట్ మీదైనంత మాత్రాన అతనికి ఏ హక్కూ లేదనుకోకండి. కర్తగా తన పేరు చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా ఫొటోను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద అతనికి ఎప్పటికీ ఉంటాయి. ధర రాయడానికి అంచులు కత్తిరించడం సాధారణంగా దాని కిందకు రాదు. ఇంకొకరు తీశారని వేరే పేరు వేస్తే మాత్రం తప్పే. రా ఫైళ్ల సంగతి వేరు. హక్కు మీదైనా, ఎడిట్ చేయని ఫైళ్లు మీ చేతికి ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. కావాలంటే ముందే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు కొత్త ఫొటోల విషయం. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ కంగారు పెట్టింది ఆ కుర్రాడు కాదు, ఆ మూడు పేజీల అగ్రిమెంటు. చట్టం మీకు ఊరికే ఇచ్చిన హక్కును మీ సంతకంతోనే వెనక్కి ఇచ్చేయమంటోంది అది. ఆ ఫొటో షాపింగ్ సైట్‌లో ఉన్నా, ఫ్లెక్సీ మీద ఉన్నా, ఏడాది గడిచిన మర్నాడు సోషల్ మీడియాలో ఉన్నా తప్పు మీదే అవుతుంది. పాత ఫొటోగ్రాఫర్ ఇప్పుడు ఉత్తినే అంటున్న మాట ఈసారి కాగితం మీదకు ఎక్కుతుంది. అలాగని స్టూడియోను తప్పు పట్టలేం, పెద్ద కంపెనీలతో వాళ్లు అలాగే వ్యాపారం చేస్తారు. మీరు అడగండి: ఆ రెండు వాక్యాలు కొట్టేసి, "ఈ ఫొటోలు ఫలానా షాపువారు కోరగా, ఈ మొత్తం తీసుకుని తీసినవి, కాపీరైట్ వారిదే" అని రాయమనండి. తమ పనితనం చూపించుకోవడానికి వాళ్లు ఆ ఫొటోలు వాడుకోవచ్చని మీరూ రాసివ్వండి. అది న్యాయమైన కోరికే. ఆడి అమ్మకాలు మొదలయ్యాకే బయట పెట్టాలని మాత్రం చేర్చండి.

కాపీరైట్ ఇవ్వం, లైసెన్సే (వాడుకునే అనుమతే) ఇస్తాం అంటే ఎంతకాలం, ఏ ప్రాంతం, ఏ మాధ్యమం అనేవి మూడూ రాయించుకోండి. కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. సింగపూర్‌కో అమెరికాకో చీర పంపే రోజు మీకూ వస్తుంది కదా, "ప్రపంచమంతటా" అనే మాట పడాల్సిందే.

కుర్రాడి విషయంలో నా భయం వేరు. తక్కువ రేటుకు చేయడం సమస్య కాదు. కానీ బంధువుల మాట మీద "ఈసారికి ఊరికే తీసిస్తాలెండి" అంటే ఒప్పుకోకండి. ప్రతిఫలం లేకపోతే 17వ సెక్షన్ మినహాయింపు మీకు వర్తించదు, కాపీరైట్ అతనికే ఉండిపోతుంది. చుట్టాల పిల్లలు సరదాగా తీసిపెట్టిన ఫొటోల మీదే తర్వాత మాటలు వస్తాయి. కొంతైనా ఇవ్వండి, బ్యాంకు ద్వారా ఇవ్వండి. మధ్యలో మార్కెటింగ్ ఏజెన్సీ ఉండి, వాళ్లే ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడి డబ్బిస్తే, తీయించుకున్నది ఏజెన్సీయే అని వాదించే వీలుంటుంది. అప్పుడు ఏజెన్సీ చేత సంతకంతో మీ పేరిట హక్కు రాయించుకోవాలి.

కాగితం అంటే స్టాంపు పేపరే కానక్కర్లేదు. ఆ కుర్రాడికి మీరే ఒక ఈమెయిల్ రాయండి: ఎన్ని ఫొటోలు, ఏ తేదీకి, మొత్తం ఎంత, అడ్వాన్సు ఎంత, రా ఫైళ్లు ఇస్తాడా, బాగా రాకపోతే మళ్లీ తీస్తాడా, కాపీరైట్ ఎవరిది. "ఒప్పుకుంటున్నాను" అని తిరుగు ఈమెయిల్ వస్తే చాలు. అడ్వాన్సు సగం మించనివ్వకండి. ఆలస్యమైతే రోజుకింత తగ్గిస్తానని ముందే రాసుకోండి. ఆడి నెల దాటాక ఫొటోలు వస్తే మీకెంత నష్టమో కోర్టులో లెక్క చెప్పడం చాలా కష్టం. ముందే అంకె వేసుకుంటే, అది మరీ ఎక్కువ కాకుండా ఉంటే, 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ అక్కరకు వస్తుంది.

చీర కట్టుకుని నిలబడే అమ్మాయి ఎవరైనా, మీ మేనకోడలైనా సరే, ప్రకటనకు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు రాయించుకోండి. పద్దెనిమిదేళ్లు నిండకపోతే తల్లిదండ్రుల సంతకం కావాలి. ఒకరి రూపాన్ని వాళ్ల అనుమతి లేకుండా ప్రకటనకు వాడటం గోప్యత హక్కుకు భంగమని 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన మద్రాసుదే, ఒక పత్రికకూ తమిళనాడు ప్రభుత్వానికీ మధ్య నడిచింది.

రంగు గురించి కూడా ఒక మాట. షాపింగ్ సైట్‌లో పెట్టే ఫొటో అసలు వస్తువుతో సరిపోలాలని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఎడిటింగ్‌లో జరీ మెరుపు పెంచి, నెమలికంఠం రంగును ముదురు నీలం చేసేస్తే, చీర వెనక్కి వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరే, ఫొటోగ్రాఫర్ కాదు. అందుకని ఇద్దరి చేతా ఒక్కో చీరకు నమూనా ఫొటో తీయించి, చీరను పక్కన పెట్టుకుని పగటి వెలుతురులో పోల్చి చూడండి.

పని చెడితే వినియోగదారుల కమిషన్‌కు వెళదామన్న ఆశ పెట్టుకోకండి. వ్యాపారం కోసం తీసుకున్న సేవ 2019 చట్టం కిందకు రావడం కష్టం. పాత ఫొటోగ్రాఫర్ నుంచి నిజంగా లాయర్ నోటీసు వస్తే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఎవరిని పెట్టుకోవాలంటారా? స్టూడియో ఆ రెండు వాక్యాలు కొట్టేస్తే, రేటు మీకు అందుబాటులో ఉంటే, స్టూడియోనే. కొట్టేయనంటే, రంగు సరిగ్గా పట్టుకుంటున్నాడని మీకు నమ్మకం కుదిరాక ఆ కుర్రాడినే పెట్టుకోండి. అతని తిరుగు ఈమెయిల్ వచ్చాకే అడ్వాన్సు పంపండి.