సేల్స్ డెస్కా, క్వాంట్ రీసెర్చా: రెండు వైపులా పనిచేశాక నా మాట

మ్యాథ్స్‌లో మాస్టర్స్ అయిపోతోంది, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల నుంచి సేల్స్ ఆఫర్ ఒకటి, క్వాంట్ రీసెర్చ్ ఆఫర్ ఒకటి వచ్చాయి, ఏది తీసుకోవాలి అని అడిగారు. నేను ఐదేళ్లు కమోడిటీస్ (చమురు లాంటి సరుకులు) క్వాంట్‌గా, అంటే ధరలు కట్టే లెక్కల మోడల్స్ రాసే మనిషిగా చేసి, తర్వాత అదే డెస్క్‌లో సేల్స్‌కి, అంటే క్లయింట్లతో మాట్లాడి ట్రేడ్‌లు అమ్మే పనికి మారాను. నా మాట సేల్స్ తీసుకోమనే. ఎందుకో అర్థం కావాలంటే 2020 ఏప్రిల్ 20 గురించి చెప్పాలి.

ఆ రోజు అమెరికా ముడిచమురు, అంటే డబ్ల్యూటీఐ, మే కాంట్రాక్ట్ (మేలో సరుకు తీసుకునే ఒప్పందం) బ్యారెల్‌కి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. కరోనాతో చమురు వాడకం పడిపోయింది. కాంట్రాక్ట్ గడువు మర్నాడే. సరుకు తీసుకోవాల్సిన ఓక్లహోమాలోని కుషింగ్ ఊళ్లో కొత్తవాళ్లకి ట్యాంకు దొరకడం లేదు. చేతిలో కాంట్రాక్ట్ ఉన్నవాళ్లు ఎదురు డబ్బిచ్చి మరీ వదిలించుకున్నారు.

ఆప్షన్లకి (ముందే అనుకున్న ధరకి కొనే, అమ్మే హక్కులు) ధర కట్టే మా మోడల్ బ్లాక్ 1976 అనే ఫార్ములా మీద నడిచేది. అందులో ధరకి లాగరిథమ్ తీయాలి, మైనస్ సంఖ్యకి అది కుదరదు. జూన్ కాంట్రాక్ట్ ఇంకా సున్నాకి పైనే ఉంది. కానీ "ఇదీ మైనస్‌లోకి వెళ్తే మన పరిస్థితి ఏంటి?" అని రిస్క్ వాళ్లు అడిగారు. ఆ లెక్క వేయబోతే స్క్రీన్ మీద ప్రతి గడిలోనూ ఎర్రర్. ఫ్రెంచి గణితవేత్త బాషెలియే 1900లో రాసిన మోడల్ మైనస్ ధరల్ని తట్టుకుంటుందని మాకు తెలుసు. ఈ కాంట్రాక్టుల ట్రేడింగ్ జరిగే సీఎంఈ ఎక్స్ఛేంజ్ కూడా ఆ వారమే దానికి మారింది. కాకపోతే అందులో వోలటిలిటీ, అంటే ధర ఎంత ఊగుతుందన్న కొలత, శాతాల్లో కాక డాలర్లలో ఉంటుంది, దాని మీద ఆధారపడ్డ రిపోర్టులన్నీ మార్చుకోవాలి. రాత్రంతా ఇంట్లో కూర్చుని అదే పని.

పొద్దున్నే సేల్స్ నుంచి ఒక సీనియర్ ఫోన్ చేశారు. ఆవిడ క్లయింట్ చమురు తీసే ఒక చిన్న కంపెనీ. ధర పడితే రక్షణగా ఉంటాయని జూన్ కాంట్రాక్ట్ మీద 20 డాలర్ల పుట్‌లు (20 డాలర్లకి అమ్ముకునే హక్కునిచ్చే ఆప్షన్లు) మా దగ్గర కొనుక్కుంది. వాళ్ల ఫైనాన్స్ హెడ్ అడిగింది ఒక్కటే: జూన్ కూడా మైనస్ 37కి పోతే బ్యారెల్‌కి నాకు 20 డాలర్లతో సరా, 57 వస్తాయా?

నేను మోడల్ మార్పు గురించి మొదలుపెట్టాను. రెండు రోజులు పడుతుందన్నాను. ఆవిడ మధ్యలోనే ఆపారు. "మోడల్ సంగతి తర్వాత చూద్దాం. సెటిల్‌మెంట్ ధర, అంటే చివర్లో లెక్క తేల్చే ధర, సున్నాకి కింద లెక్కలోకి రాదని ట్రేడ్ షరతులు రాసిన కన్ఫర్మేషన్ కాగితంలో ఎక్కడైనా ఉందా? నాకైతే కనబడలేదు, నువ్వూ ఒకసారి చదువు."

ఆ పుట్‌లకి నెలల తరబడి రోజూ ధర కట్టాను, ఆ కాగితం మాత్రం ఒక్కసారీ తెరవలేదు. నాలుగంటే నాలుగు పేజీలు. స్ట్రైక్ లోంచి, అంటే ఆ 20 డాలర్లలోంచి, సెటిల్‌మెంట్ ధర తీసేయాలి, మిగిలింది సున్నా కంటే ఎక్కువైతే అంత చెల్లించాలి. అంతే రాసి ఉంది. సెటిల్‌మెంట్ ధర ఇంతకంటే తగ్గకూడదన్న మాటే లేదు. మైనస్ 37కి పోతే 57 ఇవ్వాల్సిందే. ధర సున్నాకి కిందికి పోదనుకునే మా పాత మోడల్ లెక్కలో మాత్రం ఆ పుట్ ఎప్పటికీ 20 దాటదు. ఆవిడ లీగల్‌తో మాట్లాడి మధ్యాహ్నానికల్లా క్లయింట్‌కి జవాబు చెప్పేశారు. ఆ రోజే జూన్ 11.57కి పడింది. నా కొత్త మోడల్ గురువారానికి గానీ పనిలోకి రాలేదు.

జూన్ తర్వాత కోలుకుంది, మైనస్‌లోకి వెళ్లలేదు. అయినా ఆ ఫోన్ నన్ను వదల్లేదు. ఏడాది తిరిగేసరికి ఆవిడ టీమ్‌లోకి మారిపోయాను.

మాటకారి అయితే సేల్స్, నలుగురిలో కలవకపోతే క్వాంట్ అని సలహాలిచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను చూసిన మంచి సేల్స్ వాళ్లందరూ తక్కువ మాట్లాడి ఎక్కువ వినేవాళ్లే. గొంతుతో నెట్టుకొచ్చేవాళ్లు మొదటి నష్టం దాకా ఉంటారు. నష్టం వచ్చిన రోజు క్లయింట్‌కి తామే ముందు ఫోన్ చేసేవాళ్లు పదేళ్లయినా ఉంటారు.

ఇంకో సంగతి. "క్వాంట్" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. 2011లో అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఎస్ఆర్ 11-7 అనే మార్గదర్శకాలు తెచ్చాక, మోడల్ కట్టినవాళ్లు కాక వేరేవాళ్లు దాన్ని పరీక్షించే వాలిడేషన్ టీమ్‌లు బాగా పెరిగాయి. అవసరమైన పనే, కాదనను. కానీ మోడల్స్ కడదామని ఆశపడి వచ్చిన పిల్లల్ని డాక్యుమెంట్ల ముందు కూర్చోబెట్టి, ఆఫర్ లెటర్‌లో మాత్రం రీసెర్చ్ అని రాయడం అన్యాయం. నాతో పాటు చేరిన ఇద్దరికి ఇదే జరిగింది.

సేల్స్‌లోనూ బాధలున్నాయి. ఒకే ట్రేడ్ నాదంటే నాదని ముగ్గురు సేల్స్ వాళ్లు దాని క్రెడిట్ కోసం కొట్టుకోవడం నేను కళ్లారా చూశాను. క్లయింట్‌కి పనికిరాని ప్రోడక్ట్ అమ్మమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. వద్దని చెప్పగలిగే ధైర్యం మొదటి ఏడాదే తెచ్చుకోవాలి.

క్వాంట్ నుంచి సేల్స్‌కి రావచ్చు, సేల్స్ నుంచి క్వాంట్‌కి వెళ్లడం కష్టం, కాబట్టి ముందు క్వాంట్ చేయమని చాలామంది అంటారు. వెళ్లడం కష్టమన్న మాట నిజమే. కానీ క్లయింట్ గొంతు వినకుండా ఐదేళ్లు గడిపితే ఏం పోతుందో నాకు తెలుసు. మీ లెక్కలు సేల్స్‌లో వృథా కావు. పైగా క్లయింట్ అవసరానికి తగ్గట్టు ఆప్షన్లు కలిపి అమ్మే స్ట్రక్చర్డ్ ప్రోడక్ట్స్ డెస్క్‌లో, ఆ పుట్‌కి 20 పైన రావచ్చో లేదో వెంటనే చెప్పగలిగే మనిషి దొరకడమే కష్టం.

సంతకం పెట్టే ముందు ఆ క్వాంట్ టీమ్ వాళ్లని ఒక్క మాట అడగండి: మీలో ఎవరైనా క్లయింట్ కాల్‌లో చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు? ఈ వారమే అంటే అక్కడికే వెళ్లండి, నేనేమీ అనను. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే సేల్స్ ఆఫర్‌కి ఆ సాయంత్రమే ఓకే చెప్పేయండి.